రేడియో చేతులు

గడ్డం కింద చర్మం ముడత పడ్డ చోట కత్తి ఆగింది. రేడియో ఎడమచేతి బొటనవేలితో ఆ ముడతను కిందికి సాగదీసి, కుడిచేతిలోని కత్తిని నెమ్మదిగా పైకి నడిపించాడు. నురగ పక్కకు తప్పుకుని చర్మం నున్నగా బయటపడింది. కత్తిని భుజం మీది గుడ్డకు తుడిచి మళ్లీ ఆనించాడు. కుర్చీలో వెనక్కి వాలిన పోస్ట్‌మాన్ నిద్రలోకి జారుతున్నాడు. గోడవార బల్ల మీద కూర్చున్న రేడియో భార్య మాత్రం అతని చేతి మీంచి చూపు తిప్పలేదు. ఆ చెయ్యి వణకకపోవడం ఆమెకింకా అలవాటు కాలేదు.

"చెవుల దగ్గర కాస్త పొడుగ్గా ఉంచమనండి అక్కయ్యా," అన్నాడు పోస్ట్‌మాన్ కళ్లు తెరవకుండానే.

"ఆయనకే చెప్పు. చెవులకేం రాలేదుగా," అంది ఆమె.

పోస్ట్‌మాన్ నవ్వబోయేసరికి కత్తి అప్పటికే గాల్లోకి లేచి ఉంది. నవ్వు అయ్యేదాకా అక్కడే ఆగి, మళ్లీ దిగింది.

భర్త వణుకుకి ఆపరేషన్ అయ్యాక సెలూన్ తెరిచిన రోజు నుంచీ ఆమె ఇక్కడే కూర్చుంటోంది. వచ్చినవాళ్లకు జుట్టు ఎలా కావాలో అడగడం, భర్త ఏమన్నాడో వాళ్లకు చెప్పడం ఆమె పని. మధ్యమధ్య రాలిన జుట్టు ఊడుస్తుంది, తువ్వాళ్లు ఉతికి ఆరేస్తుంది. రేడియో అని పేరు పెట్టింది ఈ వీధివాళ్లే. కత్తెర ఆగినా నోరాగేది కాదు కాబట్టి పెట్టారు. ఇప్పుడు నోరాగిపోయినా పేరు మాత్రం ఆగలేదు.

గాజు తలుపు తోసుకుని కొత్తమనిషి ఒకడు లోపలికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో సంచి. ఏదో ముఖ్యమైన పనిమీద వెళ్తున్నవాడిలా గోడ గడియారం వంక చూశాడు.

"ఎంతసేపు పడుతుంది?"

ఆమె తువ్వాలు పిండుతూ వెనక వాకిట్లో ఉంది. ఆమె వచ్చేలోగా రేడియో తనే జవాబు చెప్పాడు. "ఇదిగో, అయిపోయింది, కూర్చోండి" అన్నాడు. కానీ ఆ మాటలు తడిగుడ్డలో చుట్టినట్టు వచ్చాయి. నాలుక ఒక్కో అక్షరం మీద కూలబడి, లేవలేక పక్కదానిమీదికి జారింది.

కొత్తమనిషి అతని కళ్లలోకి చూశాడు. కత్తి వంక చూశాడు. ముక్కు ఎగపీల్చి వాసన పట్టాడు.

"పొద్దున్నే మొదలెట్టేశావా? పైగా చేతిలో కత్తొకటి."

"అయ్యా, ఆయన తాగడండీ," అని పోస్ట్‌మాన్ సగం నురగ మొహంతో లేచాడు. ఆమె తడిచేతులతో పరిగెత్తుకొచ్చి, "ఆపరేషన్ అయిందండీ, తలకి, అందుకని..." అంటూ ఉండగానే తలుపు మూసుకుంది. తలకి ఆపరేషన్ అన్న మాట ఆ మనిషి అడుగుల వేగాన్ని ఇంకా పెంచిందేమో అనిపించింది ఆమెకు.

రేడియో కత్తి తుడిచాడు. అద్దంలో పోస్ట్‌మాన్ వంక చూస్తూ ఏదో అన్నాడు. పొడవైన మాటే. పోస్ట్‌మాన్ మర్యాదగా నవ్వి, ఆమె వైపు తిరిగాడు.

"ఇదివరకు చేతులు చూసి తాగుబోతన్నారు, ఇప్పుడు నోరు విని అంటున్నారు, అంటున్నాడాయన," అని ఆమె చెప్పింది. ఇంకో ముక్క ఉంది. అదేమిటో ఆమెకూ అర్థం కాలేదు. పోస్ట్‌మాన్ "అయ్యో, పాపం" అన్నాడు.

రేడియో మొహం చిన్నబోయింది. అతను చెప్పింది పాపం అనిపించుకోవడానికి కాదు.

సాయంత్రం అతను చొక్కా పై బొత్తాలు విప్పుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. బొత్తాలు తనే విప్పుకున్నాడు. మెడ కింది ఎముక దిగువన, ఛాతీ చర్మంలో సబ్బుబిళ్లంత ఎత్తు కనిపిస్తుంది. అందులో బ్యాటరీ, దాన్నుంచి మెడ లోపలినుంచి పాక్కుంటూ పోయి మెదడులో రెండు పక్కలా దిగిన సన్నటి తీగలు. అది వణుకును తనంతట తనే కనిపెట్టి, ఎంత కావాలో అంత కరెంటు పంపే కొత్తరకం పెట్టె. ఇంకా ఎక్కడా అమ్మకానికి రాలేదు. డాక్టర్ల అధ్యయనం కోసం ఇలాంటివి పెట్టించుకున్న కొద్దిమందిలో అతనొకడు.

ఆమె రిమోట్ తెచ్చి ఆ ఎత్తు మీద ఆనించి, పెట్టెను ఆపే బొత్తం నొక్కింది. ఇద్దరూ కూర్చుని ఎదురుచూశారు, పొయ్యి మీద నీళ్లు మరిగేదాకా చూసినట్టు. ముందు వేళ్లు కదిలాయి. తర్వాత మణికట్టు. కాసేపటికి రెండు చేతులూ మోకాళ్ల మీద పడి కొట్టుకోవడం మొదలెట్టాయి. అతను వాటిని తొడల కింద పెట్టుకున్నాడు.

"హలో, హలో, మైక్ టెస్టింగ్," అన్నాడు. మాట స్పష్టంగా, కొంచెం ముక్కులోంచి, ఎప్పటి మాటలా ఉంది. "కలుపవే తల్లీ లైను."

ఆమె ఫోన్ కలిపి అతని చెవికి ఆనించి పట్టుకుంది. అవతల అతని అక్క. వేరే ఊళ్లో కూతురి దగ్గర ఉంటుంది. తుంటి విరిగి మంచాన పడింది. తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచిన మనిషి.

"ఒరేయ్, ఇవాళ ఎంతమంది గొంతులు కోశావు?"

"ముగ్గుర్నక్కా. నాలుగోవాడు తప్పించుకుని పారిపోయాడు. ఇదివరకు చేతులు చూసి తాగుబోతన్నారు, ఇప్పుడు నోరు విని తాగుబోతంటున్నారు. ఇన్ని నిందలు మోశాక ఒక్క గుక్కైనా తాగకపోతే మనకే నష్టం కదే?"

అక్క నవ్వు ఫోన్లోంచి గదిలోకి పొంగింది. పొద్దున తనకు అందని ముక్క అదన్నమాట అనుకుంది ఆమె. ఫోన్ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. అక్కాతమ్ముళ్లకు ఏ విషయమూ లేదు. కూతురు తలదువ్వడం రాక వెంట్రుకలు పీకుతోందని ఆవిడ, వచ్చి గుండు కొట్టి చూడ్డానికి టిక్కెట్టు పెడతానని ఇతను. ఎప్పుడో చిన్నప్పుడు దొంగతనంగా తిన్న బెల్లం ఎవరు తిన్నారన్న తగువు ఇంకా తేలలేదు.

ఫోన్ పెట్టేశాక కూడా ఆమె వెంటనే రిమోట్ తియ్యలేదు.

"స్టేషన్ మూసెయ్యబోతున్నాం. శ్రోతలకేమన్నా కోరికలున్నాయా?" అన్నాడు.

"ఏదో ఒకటి చెప్పండి."

"ఏదో ఒకటా? ముప్ఫై ఏళ్లుగా నోర్ముయ్యమని ప్రాణం తీశావు కదే."

"ఇప్పుడు చెప్పమంటున్నాగా."

అతను పై వీధి టైలరు కొత్తగా పెంచిన మీసం గురించి చెప్పాడు. అది మొహానికి అతికించిన కుట్టు ఊడిన కాలర్‌లా ఉందన్నాడు. ఆమె నవ్వుతూ ఉండగానే గడియారం చూసుకుంది. భోజనం వేళైంది. భోజనానికి చేతులు కావాలి. బొత్తం నొక్కింది. మీసం కథ చివర్లో ఉండగా అతని నాలుక బరువెక్కింది. తొడల కిందినుంచి చేతులు ఒక్కొక్కటే బయటికొచ్చి నిశ్చలంగా నిలబడ్డాయి. ఆ కథ అలాగే ఆగిపోయింది.

ఆసుపత్రిలో పరీక్షల గది తెల్లగా, చల్లగా ఉంటుంది. పరీక్షలు చేసే అమ్మాయి ఎప్పటిలా కాగితం మీద పెద్ద నత్తగుల్లలాంటి సుడి గీయమంది. అతను మధ్యలో మొదలుపెట్టి, గీతకూ గీతకూ మధ్య ఒకే దూరం ఉంచుతూ బయటిదాకా లాగాడు. ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి నీళ్లు పోశాడు. ఒక్క చుక్క బల్ల మీద పడలేదు. వేలితో ముక్కు ముట్టుకుని, ఆ అమ్మాయి వేలిని ముట్టుకున్నాడు.

ఆ రోజు పెద్ద డాక్టరు వెంట ఇంకొందరు డాక్టర్లు వచ్చారు. ఎక్కడినుంచో చూడ్డానికి వచ్చారట. ఆపరేషన్‌కు ముందు అతను గీసిన సుడిని పెద్ద డాక్టరు వాళ్లకు చూపించాడు. అది సుడి కాదు, కోపంతో కొట్టేసిన గీతలు. పక్కనే ఇప్పటిది పెట్టాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. పెద్ద డాక్టరు అతని భుజం తట్టాడు. ఆ తట్టడంలో గర్వం ఉంది, ప్రేమా ఉంది. అది ఆమెకు తెలుస్తూనే ఉంది. ఈ చేతుల కోసం ఆయన పస్తులున్న రోజులున్నాయని ఆ అమ్మాయే ఒకసారి చెప్పింది.

"ఇంట్లో ఎలా ఉందమ్మా?" అని అడిగాడు ఆమెను.

అంతమంది మధ్య తనను అడిగేసరికి ఆమెకు ఉత్సాహం వచ్చింది. "బాగుందండీ. బొత్తాలు తనే పెట్టుకుంటున్నారు. సాయంత్రాలు ఆపినప్పుడైతే పాత గొంతు కూడా వచ్చేస్తోంది. వాళ్లక్కతో ఎంచక్కా మాట్లాడతారు."

పెద్ద డాక్టరు వచ్చినవాళ్లను పక్క గదికి పంపి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఆపుతున్నారా? రోజూనా?"

"కాసేపేనండీ."

"అమ్మా, అది ఇంకా నేర్చుకుంటోంది. ఈయన వణుకు ఎప్పుడొస్తుంది, ఎంతొస్తుంది అని రాత్రింబగళ్లు వింటూ నేర్చుకుంటోంది. మీరు రోజూ ఆపితే అది తప్పు నేర్చుకుంటుంది. మాకూ తప్పే తెలుస్తుంది. రేపు దీన్ని ఇంకెంతోమంది తలల్లో పెట్టాలి." ఆయన గొంతు పెంచలేదు. "రిమోట్ ఏదైనా ప్రమాదం వస్తే ఆపడానికని ఇచ్చాం. అది నా దగ్గరుంచండి. ఏదైనా అయితే ఫోన్ చెయ్యండి, ఏ వేళైనా మనిషిని పంపుతాను."

"మరి మాటండీ?"

"మాట కొంచెం మందగించొచ్చని ముందే చెప్పాం కదమ్మా. సంతకం కూడా పెట్టారు."

పెట్టారు. ఆ సంతకం కాగితం మీద పడటానికి అతని మణికట్టు పట్టుకున్నది తనే.

"చేతులకైతే సుడులు గీయించారు, నీళ్లు పోయించారు. మాటకేం చెయ్యరా?" అంది ఆమె. అలా అడగగలనని ఆమెకే తెలియదు.

పరీక్షల అమ్మాయి తల దించుకునే జవాబు చెప్పింది. "ఒక ప్రశ్న ఉందమ్మా. మాట అర్థమవుతోందా, లేదా అని. అవుతోంది, కష్టం మీద, అని పెడుతున్నాను."

పెద్ద డాక్టరు ఎదుటి కాగితాలు పక్కన పెట్టాడు. "వద్దనుకుంటే మానెయ్యొచ్చు. అది మీ హక్కు. కానీ అధ్యయనంలో లేని మనిషి ఒంట్లో ఈ పెట్టె ఉంచే అనుమతి నాకు లేదు, తీసెయ్యాలి. లేదంటే కరెంటు తగ్గించుకోవచ్చు. తగ్గిస్తే మాట తేలికవుతుంది, చెయ్యి మళ్లీ మొదలవుతుంది. ఆ మార్పు ఒక్కసారే. ఏడాది నిండేదాకా ఇక ముట్టుకోకూడదు. ఇద్దరూ ఆలోచించుకుని వారంలోగా రండి."

రేడియో వాళ్ల మాటలు వింటూ, బల్ల మీది నీళ్ల గ్లాసు తీసుకుని, నిండుగా ఉన్నదాన్ని నెమ్మదిగా తాగి, మళ్లీ అదే తడిమచ్చ మీద పెట్టాడు.

రిమోట్ ఇచ్చేసి వచ్చిన మొదటి సాయంత్రం అక్క ఫోన్ చేసినప్పుడు ఆమె, "ఆయన బజారుకెళ్లారు వదినా," అంది. అతను ఎదురుగానే కూర్చుని ఆమె చీర కుచ్చిళ్ల దగ్గర ఊడిన అంచు కుడుతున్నాడు. సూదిలో దారం తనే ఎక్కించాడు. ఎక్కించినప్పుడు ఆమెకు చూపించాడు కూడా, చిన్నపిల్లవాడు పలక చూపించినట్టు.

రెండో సాయంత్రం గొంతు నొప్పి అంది. మూడో సాయంత్రం పడుకున్నారు అంది.

"ఇంత పొద్దుండగానా?" అంది వదిన. "ఏం మరదలా, వాడికేమన్నా అయిందా?"

"ఏం కాలేదు వదినా."

"మా అమ్మ పోయినప్పుడు కూడా నాకు పడుకుందనే చెప్పారు." ఆవిడ గొంతు పలచబడింది. "ఉన్నాడా, పోయాడా? ఆ ఒక్క ముక్క చెప్పు. నేను మంచం దిగి రాలేను, చూడలేను. చెప్పడానికేం?"

ఆమె ఫోన్ అతనికి ఇచ్చింది. ఇవ్వకుండా ఉండలేకపోయింది. ఇప్పుడు ఎవరూ పట్టుకోనక్కర్లేదు, అతనే చెవికి ఆనించుకున్నాడు. అక్కా అన్నాడు. ఉన్నానే, బాగున్నానే అన్నాడు. నాలుకను తోసుకుంటూ, మెడనరాలు ఉబ్బేలా, మళ్లీ మళ్లీ అన్నాడు. ఆమెకు అర్థమైంది. అక్కకు కాలేదు.

"ఎవరయ్యా నువ్వు?" అంటోంది ఫోన్. "మా వాడికివ్వు. ఏమ్మా, ఎవర్ని కూర్చోబెట్టావు? మా తమ్ముడికివ్వమ్మా."

అతను ఫోన్ నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు. అందులోంచి వదిన ఇంకా పిలుస్తూనే ఉంది. ఆమె తీసుకుని, తీగలు, కరెంటు, పెట్టె, డాక్టరు అంటూ ఏవేవో చెప్పింది. ఆవిడ వింది. నమ్మినట్టు మాత్రం అనిపించలేదు. మర్నాడు ఆవిడ ఫోన్ చెయ్యలేదు. ఆ మర్నాడూ చెయ్యలేదు. ఆవిడ కూతురికి చేస్తే, అమ్మ అన్నం సరిగ్గా తినడం లేదంది.

అతనికి పలకా బలపం తెచ్చిపెట్టింది ఆమె. సెలూన్లో రెండు రోజులు ప్రయత్నించారు. పోస్ట్‌మాన్ చదివి నవ్వేవాడు, కానీ చదివేలోపు నవ్వు చల్లారిపోయేది. రాసిన కొద్దిసేపటికే అతనే తుడిచేసేవాడు.

"రేపు వెళ్దాం. తగ్గించమందాం," అంది ఆమె, వారం గడువు ముగిసే ముందురోజు. "ఏడాది అంటున్నారు. ఏడాదికి వదిన ఉంటుందా?"

అతను తలూపాడు. అది ఒప్పుకున్నట్టే ఉంది. సరిగ్గా కాదన్నట్టు లేదు గనక ఆమె అలాగే అనుకుంది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్తే పెద్ద డాక్టరు ఊళ్లో లేడు. పరీక్షల అమ్మాయికి చెప్పి వెళ్లాడట. ఆ అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని, అతని ఛాతీ మీద చిన్న బిళ్లలాంటిది ఆనించి తెర చూసుకుంది.

"మొదట ఇప్పుడున్నదాన్లోనే ఉంచి అడుగుతాను. తర్వాత తగ్గించి అడుగుతాను. అలా చెయ్యమన్నారు. ఆయన నోటితో ఆయనే చెప్పాలి, లేదా ఆయన చేత్తో ఆయనే రాయాలి. మీరు చెప్పకూడదమ్మా." కాగితం, కలం అతని ముందు పెట్టింది. "మీకు ఎలా ఉండాలనుంది బాబాయ్? ఇలాగేనా, తగ్గించాలా?"

అతను కలం తీసుకున్నాడు. నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, బళ్లో చూచిరాత రాసినట్టు, తలకట్టూ గుడీ ఎక్కడివక్కడ పెడుతూ రాశాడు. ఆమె అతని భుజం మీంచి చదివింది.

'ఇలాగే ఉంచండి. నాకు నా చేతులు కావాలి.'

ఆమె ఆ వాక్యం మళ్లీ చదివింది. తలూపాడు కదా? వదిన తినడం లేదు కదా?

అమ్మాయి మాట్లాడకుండా తెర మీద కరెంటు చూపే గీతను వేలితో కిందికి లాగింది. ఎదురుచూశారు. కలం అతని చేతిలోంచి దొర్లి బల్ల కిందికి పోయింది. అతను చేతులు తొడల కింద దోపుకున్నాడు. ఒకసారి గొంతు సవరించుకున్నాడు.

"ఇప్పుడు చెప్పండి బాబాయ్."

"ఇదే బాగుందమ్మా. ఇలా వదిలెయ్. మా అక్కతో బెల్లం లెక్క తేల్చుకోవాలి. ఈవిడ చూడు, నేను తిట్టక చిక్కిపోయింది. చేతులదేముంది, ఇన్నేళ్లూ ఈవిడే తినిపించింది, ఇంకా తినిపిస్తుంది. తినిపించక ఎక్కడికి పోతుంది?"

అమ్మాయి ఫక్కున నవ్వింది. ఆమెకూ నవ్వొచ్చింది, దాంతో కళ్లు తడిశాయి. అప్పుడు అమ్మాయి నవ్వాపి, కాగితం అతనికి చూపించింది.

"మరి ఇందాక మీరే ఇలా రాశారు."

అతను ఆ అక్షరాల వంక చాలాసేపు చూశాడు. "బాగా రాశాడు. చేతిరాత ముత్యాల్లా ఉంది," అన్నాడు. "రాసినాయన్ని అడుగమ్మా. నన్నడిగితే నేనిదే అంటాను."

అమ్మాయి మళ్లీ పైకి లాగింది. చేతులు నిలబడ్డాయి. అతను వంగి, కింద పడ్డ కలం తీసి, ముందు రాసినదాని కింద గీత గీశాడు. తిన్నటి గీత.

మధ్యలో ఎక్కడైనా కుదురుతుందేమోనని కూడా చూశారు. అక్కడ చెయ్యీ సగమే, మాటా సగమే. గ్లాసు సగం ఒలికింది, మాట సగం తెలిసింది. అతనే వద్దని తల అడ్డంగా ఊపాడు.

"నేనేం పెట్టాలో తెలీడం లేదు," అంది అమ్మాయి. ఎవరితోనో ఫోన్లో మాట్లాడి వచ్చింది. "డాక్టరుగారు మిమ్మల్ని అడగమన్నారమ్మా. బాబాయ్ ఒప్పుకుంటే మీరు చెప్పొచ్చట."

అతను ఒప్పుకున్నట్టు భార్య వైపు చెయ్యి చాపాడు.

"ఇంకొక్కసారి తగ్గించమ్మా. నేనొకటి అడగాలి," అంది ఆమె.

గీత కిందికి జారింది. చేతులు తొడల కిందికి పోయాయి. ఆమె అప్పుడు గమనించింది. మాట్లాడేటప్పుడు అతను చేతులు దాచేస్తాడు. మాట్లాడేటప్పుడు తన మొహంలోకి చూస్తాడు, నవ్విందా లేదా అని. రాసేటప్పుడు మాత్రం ఎవర్నీ చూడలేదు. తనొకత్తె పక్కనుందన్న ధ్యాస కూడా లేదు.

"నిజం చెప్పండి. మాట కావాలని అంటున్నది నా కోసమా, వదిన కోసమా, మీ కోసమా?"

గొంతు ఉంది. నాలుక తేలిగ్గా ఉంది. నోరు తెరిచాడు. ఏదో చమత్కారం పెదాలదాకా వచ్చినట్టే కనిపించింది. ఆమె ఎదురుచూసింది. ఎప్పుడూ మాటకు తడుముకోని మనిషి అలాగే నోరు తెరుచుకుని కూర్చుని, చివరికి మూసుకున్నాడు. తొడల కింద చేతులు కొట్టుకుంటున్న చప్పుడు ఒక్కటే గదిలో వినిపించింది.

"చేతులే ఉంచమ్మా," అంది ఆమె అమ్మాయితో.

"ఆలోచించుకునే చెబుతున్నారా? మళ్లీ మార్చలేం."

"ఉంచమ్మా."

గీత పైకి పోతుండగా అతను తొందరగా ఆమెనేదో పిలవబోయాడు. పిలుపు మొదటి సగం పాత గొంతులో, రెండో సగం కొత్త గొంతులో వచ్చింది.

ఆసుపత్రి బయట బస్సు ఆగే చోట ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. ఎండ తగ్గిపోయింది. వదినకు ఏం చెప్పాలో ఆమె మనసులో అల్లుకుంటోంది. రోజూ తనే ఫోన్ చెయ్యాలి. సెలూన్లో ఎవరొచ్చారు, ఏం జరిగిందీ తనే చెప్పాలి. తనకేమో చెప్పడం రాదు. ఆవిడకు కావలసింది విశేషాలు కాదని కూడా తెలుసు. అయినా చెయ్యాలి.

అతను ఆమె చీర కొంగుకు అంటుకున్న దూది పోగును వేళ్ల కొసలతో పట్టి తీశాడు.

ఎదురుగా రోడ్డు దాటుతూ ఒక లావుపాటి మనిషి, తన గొడుగు తెరుచుకోక దానితో కుస్తీ పడుతున్నాడు. వాన లేదు, ఎండా లేదు, ఎందుకు తెరుస్తున్నాడో తెలియదు. రేడియో ఆ మనిషిని చూసి ఆమె మోచేతిని తట్టి ఏదో అన్నాడు.

"ఏంటండీ?"

మళ్లీ అన్నాడు. నవ్వుతూ అన్నాడు. నవ్వు వల్ల మాట ఇంకా కరిగిపోయింది.

"అర్థం కాలేదు. మెల్లగా చెప్పండి."

మూడోసారి చెప్పాడు. ఆలోగా లావుపాటి మనిషి గొడుగు చంకలో పెట్టుకుని మలుపు తిరిగిపోయాడు. ఆమె సంచిలో వెతికి కలం తీసింది, మందుల చీటీ వెనక్కి తిప్పి, రెండూ అతని ముందు పెట్టింది.

"రాయండి. రాసి చూపించండి."

అతను కలం అందుకున్నాడు. కాగితం మీదికి వంగాడు. కలం కొస ఆనించి, కాసేపు అలాగే ఉంచి, ఏమీ రాయకుండా తీసేశాడు. రాసేంత మాట కాదన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి గాల్లో ఎక్కడ ఆగాలో సరిగ్గా అక్కడ ఆగింది.